నిమ్మకాయలతో నిండిన హార్డ్ డిస్కు

అక్కకు మంజుల నమస్కరించి రాసేది. మదనపల్లెలో నాకు జలుబు తప్ప ఇంకే జబ్బూ లేదు. అక్కడ గుడుపల్లెలో అమ్మ మోకాలు ఎలా ఉంది? నాయన బీడీలు మానేశాడా, చాటుగా కాలుస్తున్నాడా? ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతాడు, వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం. నేను బాగున్నానని ముందే చెబుతున్నాను, మధ్యలో కంగారు పడొద్దు.

హాస్టల్ సాంబారులో ముక్క కనబడితే ఆ రోజు పండుగే. అయినా బాగానే తింటున్నాను. సాయంత్రాలు మాత్రం నువ్వు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. ఎవరైనా మన పక్క కుప్పం నుంచి ఇటు వస్తుంటే రాగిపిండి పంపు.

సీసీ కెమెరాల షాపులో నాది డిస్కు లెక్క. ఎన్ని కెమెరాలు, ఎన్నాళ్ల రికార్డింగ్ కావాలి అని అడిగి ఎంత హార్డ్ డిస్కు పడుతుందో తేల్చాలి. చిన్నదైతే పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. పెద్దది చెబితే వచ్చినవాడు పారిపోతాడు. మొదటి పని చెడగొడితే కుప్పం బస్సెక్కిస్తానని ఓనర్ ముందే చెప్పాడు.

ఆ మొదటి పని పుంగనూరు దగ్గర రెడ్డెప్ప గారి ఆవుల కొట్టం. ఉన్నది ఒకటే పొట్టి ఆవు, అది నిండు చూడితో ఉంది. దానికి నాలుగు కెమెరాలు, నెల రోజుల రికార్డింగ్ కావాలన్నాడు. ఆవు ఏం చేస్తుంది, నిలబడి నెమరేస్తుంది, అంతే కదా అనుకున్నాను. ఏదైనా కదిలినప్పుడే రికార్డయ్యేలా పెట్టి చిన్న డిస్కుతో సరిపెట్టాను. ఓనర్ కూడా మెచ్చుకున్నాడు.

తర్వాత రెడ్డెప్ప గారి భార్య నాగమ్మ కూతురి కాన్పుకని బెంగళూరు వెళ్లింది. ఆమె అక్కడుండగానే ఆవు ఈనింది. ఆ ఆవును దూడప్పటి నుంచి సాకింది ఆమే. ఈయన మాత్రం ఫోన్లో అంతా కెమెరాలో ఉంది, వచ్చి చూడమని ఒక్క ముక్కలో తేల్చేశాడట. ఆవు ఈనిన రెండు వారాలకు ఆమె తిరిగొచ్చి, ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి టీవీ ముందు కూర్చుంది. దూడ పుట్టిన రోజు ఎక్కడా లేదు. మిగిలింది ఒక్క వారమే, అందులోనూ నిమ్మకాయలే ఊగుతున్నాయి.

షాపుకు ఫోనొచ్చింది. ఓనర్ నన్ను తరిమినట్టు పంపాడు. నా పని అయిపోయిందనుకుంటూ పుంగనూరు బస్సెక్కాను.

వెళ్లి చూస్తే ప్రతి కెమెరా ముందూ దారానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. గాలి ఆగదు, నిమ్మకాయ ఆగదు, రికార్డింగ్ ఆగదు. నెలకని పెట్టిన డిస్కు వారానికే నిండి, పాతది చెరుగుతూ వచ్చింది. ఊరెళ్లే ముందు ఇవి కట్టింది నాగమ్మే.

"పగలూ రాత్రీ రెప్పెయ్యకుండా సూస్తాంటే ఆవుకు దిష్టి తగల్దా పాపా?" అంది.

సంగతి విడమరిచి చెప్పేసరికి పాపం ఆమె గడప మీద కూలబడింది. ఇంతలో ఓనర్ ఫోన్ చేసి తప్పెవరిదని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆమె ఫోన్ లాక్కుంది.

"పాప లెక్క సరిగానే ఉండాదప్పా. నిమ్మకాయలు కట్టింది నేను. పెద్ద డిస్కు పంపియ్యి. నిమ్మకాయలు మాత్రం తీసేది లే."

అలా నా ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు ఎవరొచ్చినా కెమెరాకు దిష్టి నిమ్మకాయ కడతారా అని ముందే అడుగుతున్నాను. అందరూ నన్ను అదోలా చూస్తున్నారు.

నేను వైర్లు సర్దుకుంటుంటే రెడ్డెప్ప గారు వచ్చి ఆమె పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఈనిన రోజు పొద్దున ఆవు మేత ముట్టలేదని మొదలుపెట్టాడు. దూడ లేవబోయి ఎలా పడిందో చేతులతో చేసి చూపించాడు. నాకిచ్చిన టీ చల్లారిపోయింది. అంతా విని ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఇంగోసారి చెప్పు, మొదట్నించి" అంది.

ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది అక్కా. ఫోన్లో నువ్వు కూడా అందరూ బాగుండారు అని తేల్చేస్తావు. ఈసారి అలా కాదు, ఇంటి సంగతులన్నీ మొదటి నుంచి రాయి.

అమ్మానాయనల కాళ్లకు నా దండాలు చెప్పు. బావనూ అడిగానని చెప్పు. నన్ను దీవించు.

నీ చెల్లెలు,
మంజుల