ఇస్త్రీ చేసిన గీత

అడాజన్, సూరత్
14-2-96

స్వరాజ్యం అక్కకు, నేను కులాసా. భోజనానికి ఇబ్బంది లేదు. "అమ్మ ఆస్పత్రి నుంచి ఎప్పుడొస్తది?" అని మైథిలి రోజూ అడుగుతోందని రాశావు. మా ఆవిడ పోయిన రోజున పాపకు ఆస్పత్రి మాట చెప్పమన్నది నేనే.

విమానం దిగేటప్పుడు దారి చూపే రేడియో సంకేతాలను గాలిలో కొలిచి, కంప్యూటర్లో వాటి నమూనా తయారుచేయడం ఇక్కడ నా పని. నిన్న ఒకచోట కొలతల గీత వంకరపోయింది. అవి పొరపాటు కొలతలనుకుని తీసేసి, గీత సాఫీ చేశాను. పరీక్ష విమానం నడిపే దేవదాస్ మన వరంగల్లువాడే. చూసి నవ్వాడు. "ఏంది సారూ, గీతకు ఇస్త్రీ చేసిండ్రా? వంకరుంటే వంకరనే చెప్పుండ్రి. ఎర్కుంటే దిగేటప్పుడు జర సంభాలించుకుంట. ఎర్క లేకుంటెనే పరేషాన్" అన్నాడు. మళ్ళీ ఉన్నదున్నట్టు గీశాను.

బావగారి దగ్గు తగ్గిందా? మైథిలికి గౌను కొంటాను. భుజం నుంచి మోకాలి దాకా నీ జానతో ఎన్ని జానలో రాయి.

నెలాఖరుకు వస్తున్నాను. అమ్మ ఇక రాదని పాపకు నేనే చెబుతాను. అప్పటిదాకా అడిగితే నాన్న వచ్చి చెబుతాడని అనండి, ఆస్పత్రి మాట వద్దు. బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ తమ్ముడు
సోమలింగం