గాజుకు ఇవతలి గులాబీ

జనవరి 11

పదికి పది. నా కణాల గుర్తులు, అన్నవి కలిశాయి, బ్లడ్ గ్రూపులు వేరైనా. బడిలో ఏ పరీక్షలోనూ నాకు రాని మార్కులు. అన్నకున్న రక్త క్యాన్సర్‌కి మూలకణాలు ఎక్కించాలి, ఇవ్వడానికి ఇంతకంటే మంచి మ్యాచ్ దొరకదని డాక్టరమ్మ అంది. నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో అందరికీ చెప్పాను. అడగనివాళ్ళకి కూడా. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను, అది వేరే సంగతి.

జనవరి 29

అన్నను గాజు గదిలో పెట్టారు. లోపలికి గాలి కూడా వడకట్టి పంపుతారట. మందులతో తన ఎముకల్లోని పాత మూలుగంతా చంపేసి నా కణాలు ఎక్కిస్తారు.

వట్టి చేతులతో వెళ్ళబుద్ధి కాలేదు. ఆస్పత్రి ఎదురుగా పూల షాపులో మినీ రోజ్ కొన్నాను. కుండీ కాఫీ కప్పంత. పువ్వులు కోటు బొత్తాలంత, ఎర్రగా. ఇలాంటి గిఫ్టు ఇంకెవరికి తోస్తుంది అనుకుంటూ లిఫ్టెక్కాను. వార్డు తలుపు దగ్గర హెడ్ నర్సు ఆపింది. మట్టిలో బూజు ఉంటుంది, లోపలివాళ్ళు అది పీల్చారంటే మా చేతుల్లో ఏమీ ఉండదు, ఇంటికి తీసుకెళ్ళండి అంది. వాదించాను. కవరు కడతానన్నాను. నా మాట పూర్తికాకుండానే తలుపు వేసేసింది.

మెట్ల మీద కూర్చుని అన్నకు ఫోన్ చేశాను. నాకని కొన్నావుగా, ఇక అది నాది, నేనొచ్చేదాకా చూసుకో, పోయిందో నీ సంగతి చెప్తా అన్నాడు.

జనవరి 30

మొక్క నా వంటింటి కిటికీలో. ఓనరు ఆస్పత్రిలో.

ఫిబ్రవరి 3, ఉదయం

నిన్నటి నుంచి నాకు ఇంజెక్షన్లు. మూలుగలోని కణాలు రక్తంలోకి రావడానికట. నడుము, తుంటి, రొమ్ము ఎముక, అన్నీ సలుపుతున్నాయి. ఒంట్లో ఎవరో ఇల్లు మారుతున్నట్టుంది. మొక్క ఆకులు సగం పసుపు. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

సాయంత్రం

పూల షాపామెకు ఫోటో చూపించాను. తల పట్టుకుంది. కుండీకి చుట్టిన ఆ మెరుపు కాగితం ఇంకా తీయలేదా అంది. అందంగా ఉందని ఉంచాను. అడుగున నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతున్నాయట. చేతికిచ్చేదాకే ఆ కాగితం, ఆ తరవాత చింపెయ్యాలి, వేలు పెట్టి చూసి పైమట్టి ఎండితేనే పొయ్యాలి అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. కుండీలో ఉన్నది ఒక్క మొక్క కాదు, నాలుగు. గుబురుగా కనిపించాలని కుక్కుతారట. చోటు చాలక కొట్టుకు చస్తాయి, విడదీయమంది.

ఫిబ్రవరి 6

ఇచ్చాను. ఒక చేతిలోంచి రక్తం మిషన్లోకి, మిషన్లోంచి రెండో చేతిలోకి. ముక్కు దురద పెడితే వదిన గోకింది. చివరికి మిగిలింది ఒక చిన్న సంచి, పలచటి టమాటా రంగులో. ఇంతేనా అనిపించింది. సాయంత్రం అన్నకు ఎక్కించారు. గాజు అవతలి నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఈ డైరీలో నన్ను డబ్బాలరాణి అనేవాళ్ళెవరూ లేరు కాబట్టి రాసుకుంటున్నాను. గొప్పగా ఉంది.

ఫిబ్రవరి 10

సింకులో మొక్కలు విడదీశాను. వేళ్ళు జడలా అల్లుకుపోయాయి. ఒకటి చేతిలోనే విరిగింది. మూడింటిని చిన్న కుండీల్లో పెట్టాను. అన్నకు చెబితే, ఒకటిచ్చావు, మూడయ్యాయి, లాభమేగా అన్నాడు. నోరంతా పూసి మాట ముద్దగా వస్తోంది. తెల్లకణాల కౌంట్ సున్నా. తను లిఫ్టు మెకానిక్ కదా, బండి గ్రౌండ్‌లో ఆగిందే, కరెంటు రావాలి అన్నాడు.

ఫిబ్రవరి 14

ఆకుల అడుగున బూడిదలాంటిది. షాపుకి పట్టుకెళ్ళి, లెన్సు మీద గీతలు చూసే భూతద్దం కింద పెట్టాను. బూడిద నడుస్తోంది. నల్లి పురుగులు. ట్యాపు కింద ఆకులు తిరగేసి కడిగాను. షాపు ఓనరు చూసి, ఎంత పవర్ వచ్చింది అని అడిగాడు.

ఫిబ్రవరి 17

అన్నకు జ్వరం. ఫోన్ తీయడం లేదు.

ఫిబ్రవరి 19

ఒక్క ఆకు లేదు. మూడు కుండీల్లో మూడు పుల్లలు. వేలెడంత ఉంచి కత్తిరించెయ్యి, గీరితే పచ్చగా ఉన్నంతకాలం ప్రాణం ఉన్నట్టే అని పూల షాపామె అంది. కత్తెర పట్టుకుని నిలబడిపోయాను.

అప్పుడే వదిన ఆస్పత్రి నుంచి స్నానానికని నా ఇంటికి వచ్చింది. నన్ను చూడగానే కనిపెట్టేసింది. మొక్కకీ మనిషికీ ముడిపెట్టకు అంది. అది పోతే నేనే ఇంకోటి కొనుక్కొస్తా, ఆయన్ని ఎక్కణ్ణించి తేను, నీ భయం తెచ్చి ఈ పుల్లల మీద పెట్టకు అంది. గొంతు పెంచలేదు. సింకు దగ్గరే నిలబడి రెండు ముద్దలు తిని వెళ్ళిపోయింది.

ఆ తరవాత కత్తిరించాను.

ఫిబ్రవరి 24

కౌంట్ కదిలింది. హెడ్ నర్సు తనంతట తనే ఫోన్ చేసింది. ఇవి పాత కణాలు కావు, కొత్తవి, మీవి అంది. జ్వరం కూడా దిగుతోందట. షాపులో అందరికీ కాఫీలు తెప్పించాను. ఓనరుకి రెండు.

మొక్కలు మాత్రం పుల్లలే. నా గొప్ప వాటికి పట్టదు.

మార్చి 2

రెండింటికి చిగురు. గోరంత, రాగి రంగు. మూడోది నల్లబడింది, తీసేశాను. వదినకు చెబితే సరేలే అంది. కాసేపటికి, ఏదీ ఫోటో పెట్టు అని మెసేజ్.

మార్చి 9

కుండీ పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. లోపలికి కాదు, అన్న కిటికీ కింద పార్కింగ్‌లోకి. ఫోన్ చేసి కిటికీ దగ్గరికి రమ్మన్నాను. రెండు చేతులతో కుండీ తలపైకెత్తాను. సెక్యూరిటీ ఆయన వచ్చి ఏంటమ్మా ఇది అన్నాడు. మా అన్న మొక్క, చూపిస్తున్నా అన్నాను. ఆయన పైకి చూశాడు. ఓ స్కూటరు పక్కకి జరిపి, ఇక్కడ నిలబడండి, చెట్టు అడ్డం రాదు అన్నాడు.

అన్న గాజుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. సన్నగా, గుండుతో. పువ్వేదే అన్నాడు ఫోన్లో. పువ్వు సంగతి తరవాత, ముందు ఆకులు చూడు అన్నాను. వేలితో గాజు మీద ఒక్కో ఆకూ లెక్కపెట్టాడు. నా చేతులు లాగేశాయి. దించలేదు.

మార్చి 13

అన్న ఇంటికొచ్చాడు. చాలా నెలలు మట్టి ముట్టుకోకూడదట, తనను చూసుకునే వదిన కూడా. అందుకని కుండీలు వాళ్ళ బాల్కనీలో పెట్టాను, గాజు తలుపు మూసే ఉంటుంది. షాపయ్యాక నేనే వెళ్ళి చూసుకోవాలి. లోపల కుర్చీలోంచి అన్న ఒకటే చేతులూపడం, ఎండ అటుంది, ఇటు తిప్పు, వేలు పెట్టి చూశావా అని. తనకి మొక్కల గురించి అ ఆలు రావు. వినపడనట్టు నటిస్తున్నాను.

ఏప్రిల్ 20

రెండూ పూశాయి.

ఒకటి హెడ్ నర్సుకి ఇమ్మని అన్నే అన్నాడు. ఆమె డ్యూటీ దిగి గేటు బయటికొచ్చాక ఇచ్చాను, మామూలు కాగితంలో చుట్టి. నేను వద్దన్న మొక్కేనా ఇది అంది. అందులో నాలుగో వంతు అన్నాను. దీన్నెలా చూసుకోవాలి అని అడిగింది.

నన్ను. అడిగింది.

మట్టి, ఎండ, నల్లి, కత్తెర, అన్నీ చెప్పాను. ఆమె బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సు కూడా.

మే 24

అన్న బ్లడ్ రిపోర్టు. పుట్టినప్పటి నుంచి బి పాజిటివ్. ఇప్పుడు ఓ పాజిటివ్, నా గ్రూపు. ఇలాగే మారాలి, ఇక ఆయన ఒంట్లో పారేది మీ రక్తమే అని డాక్టరమ్మ నాతో అంది.

ఇకమీదట నాలో ఎక్కడైనా పొగరు కనిపిస్తే అది నాది కాదు అన్నాడు అన్న.

నాదే.