సొట్ట తీసినంక

టేకులపల్లి

కొడుకు రవీందర్‌కు నాయన దూలయ్య దీవెనలు. ఇక్కడ మీ అమ్మ, నేను బాగనే ఉన్నం. జైల్ల నీకు అన్నం సయిస్తుందా? దుప్పటి అందిందా?

సారు కారుకు ఏ పెయింట్ వేస్తున్నవని అడిగినవు. బండి మునుపటి లెక్క అయితే వెంకటరామారావు సారు నిన్ను మళ్ల డ్రైవర్‌గ పెట్టుకుంటడని నీ ఆశ. అందుకే ఇంకొకల చేతుల పెట్టకుండ మన షెడ్డుల నేనే చేసిన. బానెట్ మీద సొట్ట బాగ లోతుండె. పుట్టీ మందంగ నింపితే ఎండకు పగులుతది. ముందుగాల రేకును సుత్తితో లేపి, పైన పల్చగ పెట్టిన. ఎన్‌సీ పెయింట్ జల్దీ ఆరుతది గని తొందరగ వెలిసిపోతది, అందుకే రంగు ఎక్కువ రోజులు నిలిచే పీయూ పెయింట్ తెప్పించిన. సిల్వర్ రంగు ఓ పట్టాన కలవలే. కలిపి రేకు ముక్క మీద కొట్టుడు, ఎండల డోరు పక్కన పెట్టి చూసుడు, మళ్ల కలుపుడు. ఇప్పుడు ఎవలూ గుర్తు పట్టలేరు.

సారు వచ్చి బండి తీస్కపోయిండు. నడిపింది శ్రీనివాస్ అని కొత్త డ్రైవర్. నీ సంగతి ఎత్తితే సారు నా దిక్కు చూడలే.

నువ్వు కారుతో గుద్దిన కూలి మనిషి రాంబాబు దవాఖానాల కోలుకుంటుండా అని ప్రతి ఉత్తరంల అడుగుతున్నవు. పోయినసారి నేను జవాబు రాయలే. ఆయన చనిపోయిండు రా. కబురు వచ్చినప్పుడు పుట్టీల హార్డెనర్ కలిపి ఉన్న. పలక ఆడనే పెట్టి ఇంటికి పోయిన. పలక మీద పుట్టీ రాయి లెక్క గట్టిపడ్డది. తెల్లారి కొత్తది కలిపి మళ్ల పని మొదలుపెట్టిన.

మొన్న ఏన్కూరు దగ్గర వాళ్ల ఊరికి పోయిన. నేను నీ తండ్రినని తెలిసి గూడ రాంబాబు భార్య యశోద కూసొమ్మన్నది. క్షమించమని అడుగుదామనే పోయిన. నాకంటే ముందుగాల ఆమెనే అడిగింది.

"ఆ కారు మళ్ల నడుస్తదా?"

"నడుస్తదమ్మా. నేనే బాగు చేసిన."

"సొట్ట కనపడుతదా?"

"కనపడదు" అన్న.

ఆమె లోపలికి పోయి తలుపేసుకున్నది. నేను కొంతసేపు వాకిట్ల నిలబడి వచ్చిన.

తాగి నడిపిన కేసుకు తోడు ఇప్పుడు మనిషే పోయిండు, బెయిలు మీద ఆశ పెట్టుకోవద్దని వకీలు చెప్పిండు. ఇవన్నీ నీకు రాయొద్దని మీ అమ్మ ఏడ్చింది. కానీ రాంబాబు బతకాలని రోజూ పొద్దున లేవంగనే మొక్కుకుంటున్నవని రాసినవు. ఇంక మొక్కకు బిడ్డా.

ఇట్లు
మీ నాయన
దూలయ్య