నాలుగో గది

మార్చి 3
అమ్మకానికి పెట్టిన ఇల్లు చూడటానికి ఖాజా వచ్చాడు. ఒకప్పటి నా శిష్యుడు. ఇప్పుడు సుల్తానాబాద్‌లో బట్టల దుకాణం. అద్దాల గదిలో ఉదయపు నీరెండ... "ఎన్ని గదులు సార్?" "నాలుగు." వెనుక వరండాకు అద్దాలు బిగించి, పైన రేకులు వేయించినదే ఆ నాలుగోది. వెంట వచ్చిన తన బావమరిది టేపు తీయగానే ఖాజా కసిరాడు — "లోపల పెట్టుర బై. సార్ చెప్పినంక కొలుస్తవా?" గర్వపడ్డాను. ఆ క్షణం.

మార్చి 4
నా భార్య సులోచన వంటింట్లో నుంచే దెప్పింది. "పన్ను రాసేటోళ్లు వచ్చిననాడు వరండనే అంటిరి. అమ్మేటప్పుడు గదైందా సారూ?"

మార్చి 6
‘గది’కి నిఘంటువులో అర్థం వెదికాను. ఇంటిలో ఒక భాగమట. నిఘంటువు కూడా నన్ను వెనకేసుకొస్తున్నది.
సాయంత్రం ఇంజినీరు రంగయ్యను అడిగాను — ఎవరిదో ఇల్లన్నట్టు. "అద్దాల గోడలు, రేకుల కప్పు... నివాస విస్తీర్ణంల రాదు సార్. ఎవలిల్లు, మీదేనా?" కాదన్నాను. అంత తేలికగా ఎలా వచ్చింది ఆ మాట?

మార్చి 9
మధ్యాహ్నం ఆ గదిలో కూర్చొని చూశాను. కుర్చీ చేతులు పట్టుకోలేనంత వేడి. ఏప్రిల్ ఇంకా రానేలేదు.

మార్చి 11
ఖాజా ఫోను. "అద్దాల గది మా అమ్మీకిస్తం సార్. ఆమెకు మోకాళ్లు లేస్తలేవు. మంచం మీద పండుకొనే బయటికి చూడొచ్చని మస్తు ఖుషైంది. పండుగ కాంగనే బయానా పైసలిస్త."
"ఎండాకాలం..." అని మొదలుపెట్టాను.
"కూలర్ పెడతం. ఫికర్ చెయ్యకున్రి."
సరే అన్నాను. సరే!

మార్చి 12
సులోచన — "చలికాలంల ఎండ తగలాలెనని నాకోసం కట్టిస్తిరి. ఎండాకాలంల ఒక్కపూటన్న నన్ను పండనిచ్చిన్రా గా గదిల? తాళమేస్తిరి. గా ముసలామె ఎట్ల పంటది?"


మార్చి 15
ఆదివారం. మిట్టమధ్యాహ్నం వాకిట్లో కారు. ముందు సీటులో ఖాజా తల్లి. దిగలేక, కూర్చున్న చోటు నుంచే సలాము చేసింది. "అమ్మీ జర గా గదిల కూసుంటదట సార్," అన్నాడు ఖాజా. తాళంచెవి నా జేబులోనే ఉంది. కనబడటం లేదన్నాను. సులోచన నా వైపు చూసి, లోపలికి వెళ్లిపోయింది.
"పరేషాన్ గాకున్రి సార్. దగ్గర్ల చుట్టాలింటికి పోతున్నం. సాయంత్రం అసర్ నమాజైనంక మళ్ల వస్తం."
వెళ్లారు. తలుపు తెరిచాను. వేడి ముఖాన కొట్టింది. వాళ్లు వచ్చేసరికి చల్లబడుతుంది...
చల్లబడకపోతే బాగుండును.