అప్ప చెప్పిన వెన్నెర చరిత్ర

అప్పా,

బాగున్నావా అని రాసి కొట్టేశాను. మళ్ళీ అదే రాశాను. అక్కకు ఉత్తరం ఇంకెలా మొదలుపెట్టాలో ఈ తమ్ముడికి తెలీదు. నువ్వు పోయి ఈ ఆదివారానికి తొమ్మిది నెలలు.

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. నీ మంచం ఇంకా వరండాలోనే ఉంది. నీ మరదలు సుజాత దాని మీద బట్టలు మడతపెడుతుంది గానీ తలగడ వైపు ఏమీ పెట్టదు. చూస్తూనే ఉన్నాను, ఎందుకని అడగలేదు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. నువ్వున్నప్పుడు నోరు రాలేదు...

నీ వెన్నెర పుస్తకాలు అటక మీద లేవు అప్పా. చాలా ఏళ్ళుగా లేవు.

నువ్వు ఏడో తరగతితో బడి మానేసి, అమ్మతోపాటు నౌపడ ఉప్పు మడుల్లోకి దిగావు. నేను బడికి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం పని అయ్యాక గట్టు మీద కూర్చుని, నా సాంఘిక శాస్త్రం పుస్తకం చదివి వినిపించమనేదానివి. రాజులు, కోటలు, యుద్ధాలు... ఒకరోజు చదువుతుంటే మధ్యలో ఆపేశావు.

“ఇంతమంది రాజులు బువ్వ తిన్నారు కదరా. ఆళ్ళ కూరలోకి ఉప్పు ఎవులు తీసినారో ఒక్క ముక్కైనా రాయనేదేటి?”

లేదన్నాను.

“అయితే మనమే రాసుకుందాం. నేను సెప్తాను, నువ్వు రాయి.”

ఎండిన మడిలో తెల్లటి పొర మీద కాలి బొటనవేలితో గీశావు. ఇటు కొండలు, అటు సముద్రం, మధ్యలో ఇరుసోన అనే నది. ఆ ఖండానికి వెన్నెర అని పేరు పెట్టావు. ఆ పేరు ఎక్కడిదని అడిగితే, “నోటికొచ్చింది, బావుంది కదా” అన్నావు. అంతే. నాకప్పుడు పదేళ్ళు, నీకు పద్నాలుగు.

వెన్నెరలో మొట్టమొదట వచ్చినవాళ్ళు లవరులు. సముద్రం వెనక్కి పోతుంటే దాని వెంటే నడిచివచ్చి, అది వదిలిపెట్టిన ఉప్పు నేల మీద స్థిరపడ్డారు. వాళ్ళకు రాజు లేడు. సభ పెట్టుకున్నప్పుడు ఎవరి పాదాలు ఎక్కువ పగిలాయో వాళ్ళే ముందు మాట్లాడాలి. ఆ ముక్క చెప్పేటప్పుడు నీ కాళ్ళు పరికిణీ కిందికి లాక్కున్నావు. నేను చూడనట్టు రాసుకుంటూ కూర్చున్నాను.

కొండల మీద తూరులు. వాళ్ళకు రాజులున్నారు, ఇనుము ఉంది, అంబలి కాచుకోడానికి చోళ్ళ పంట ఉంది. ఉప్పు లేదు. అందుకని కొండ కింద ఒక బయలులో రెండు జాతులూ కలిసేవి. ఒక పక్క ఉప్పు కుప్ప, ఒక పక్క చోళ్ళ కుప్ప. ఎవరూ నోరు తెరవకూడదు. మాట వస్తే బేరం వస్తుంది, బేరం వస్తే తగువు వస్తుందని పెద్దలు పెట్టిన కట్టుబాటు. తరాల తరబడి అలా మాట లేకుండానే గడిచింది.

ఒక ఏడు తూరుల రాజు కొడుకు ఒక లవర పిల్లను “నీ పేరేంటి?” అని అడిగాడు. ఆ పిల్ల చెప్పింది. వెన్నెరలో మొదటి యుద్ధం అక్కడ పుట్టింది.

పేరు అడిగితే యుద్ధమేంటి అప్పా, అన్నాను నేను. “పేరు తెలిసినాక ఊరికే ఉండగలమేట్రా?” అన్నావు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైనా పూర్తిగా అర్థమైందా...

అలా తొమ్మిది పుస్తకాలు నింపాం. పెళ్ళై వెళ్ళేటప్పుడు వాటిని గుడ్డలో కట్టి నా చేతికిచ్చావు. “నా కాడైతే తడిసిపోతాయి. నీ కాడ ఉంచు.”

నేను డిగ్రీ చదివాను. ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. ఆమదాలవలసలో అద్దె ఇల్లు, తర్వాత శ్రీకాకుళంలో సొంత ఇల్లు. ఇల్లు మారే రోజు సామానంతా వీధిలో ఉంది. సుజాత ఆ మూట పట్టుకుని, “ఇందులో ఏమున్నాయి?” అని అడిగింది.

“ఏం లేవు” అన్నాను.

పాత పేపర్లవాడి బండిలో వేసేశాను అప్పా. తొందరలో కాదు, పొరపాటున కాదు. తెలిసే వేశాను. పక్కన ఆఫీసు స్నేహితులున్నారు. ఎవరైనా మూట విప్పి, లవరులనీ తూరులనీ పైకి చదివి నవ్వుతారేమోనని సిగ్గుపడ్డాను. నా చేతిరాత అది... మాటలు నీవి.

ఏళ్ళు గడిచాక బావ పోయాడు. నీ కాళ్ళు వాచాయి. కిడ్నీలన్నారు. వారానికి మూడుసార్లు డయాలిసిస్ అంటే నిన్ను మా ఇంటికి తెచ్చుకున్నాం. ఉప్పు తగ్గించాలని డాక్టరు చెబితే పగలబడి నవ్వావు. “ఉప్పులో పుట్టినదాన్ని ఉప్పు మానమంటాడేట్రా ఈ బాబు!” రోజుకు రెండు గ్లాసుల నీళ్ళే అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

వచ్చిన కొత్తలోనే అడిగావు, పుస్తకాలు ఎక్కడున్నాయని. అటక మీద, వెనకాల పడిపోయాయి, తీస్తాను అన్నాను. ఇంకోసారి అడిగావు. ఆదివారం తీస్తానన్నాను. తర్వాత నువ్వు అడగలేదు. మరిచిపోయావనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను కూడా... ఇది రాయడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా?

నిన్ను ఆసుపత్రి దగ్గర దింపి ఆఫీసుకు పోయేవాణ్ణి. నాలుగు గంటల తర్వాత వచ్చి తీసుకెళ్ళేవాణ్ణి. ఆ నాలుగు గంటలూ ఏం చేస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. పడుకుంటావనుకున్నాను.

నువ్వు పోయిన మూడో నెలలో ఫోన్ వచ్చింది. ఆసుపత్రిలో నీ పక్క మంచం ఎర్రమ్మ. చేపలమ్మే మనిషి, గొంతు గట్టి. పేరు చెప్పకుండానే మొదలుపెట్టింది.

“నువ్వు సూరమ్మప్ప తమ్ముడివేనా? లవరులు ఇరుసోన ఒడ్డుకొచ్చి కూకున్నారు బాబూ. తరవాతేటయినాదో నీకు తెలుసా?”

 ఆ పేర్లు ఇంకో మనిషి నోట వినడం అదే మొదటిసారి.

మర్నాడు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. మంచాల వరస, పక్కన మిషన్లు. ఎర్రమ్మ పడుకునే చెయ్యి ఊపింది. ఆమెకు ఎదురు మంచం మీద అప్పలనాయుడు గారు, వరి రైతు, అరవై దాటిన మనిషి. వాళ్ళిద్దరూ కలిసి చెప్పారు. రెండేళ్ళపాటు ఆ గదిలో నువ్వు వెన్నెర చరిత్ర మొదటినుంచీ చెప్పుకొచ్చావట. ఎర్రమ్మ మొదటి రోజే తగువు పెట్టుకుందట, “మీ దేశంలో సంద్రం మీదికి సేపల వేటకెళ్ళేవోళ్ళు నేరేటి?” అని. నువ్వు వారం రోజులు ఆలోచించి వలిమి జాతిని తెచ్చావట. పడవల మీదే పుట్టి, పడవల మీదే పెరిగేవాళ్ళు. నేను ఏనాడూ వినని జాతి.

“పుస్తకాలున్నాయి కదా, తమ్ముడి చేత చదివిస్తాను అని అప్ప చెప్పలేదా?” అని అడిగాను. ఎందుకు అడిగానో... దొరికిపోవాలనే అడిగానేమో.

ఎర్రమ్మ నా ముఖంలోకి చూసింది.

“పుస్తకాలు పోనాయని అప్పకి తెలుసు బాబూ. ‘మా తమ్ముడు పారేసినాడు. ఆడి మొకం సూస్తే తెలిసిపోనాది. సెప్పడానికి ఆడికి బయిం, అడగడానికి నాకు జాలి. మీ సెవుల్లో ఏసేస్తే సాలు, ఎక్కడో కాడ ఉంటాది’ అన్నాది.”

నేను అక్కడ నిలబడలేకపోయాను. బయటికి వచ్చి ఆటో స్టాండు దగ్గర కూర్చున్నాను. నువ్వు ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేది అప్పా? ప్రతిసారీ నా బండి వెనక కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చావే... ఒక్కరోజైనా ఎందుకు అడగలేదు?

తర్వాతి శనివారం కొత్త నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాను.

అప్పటినుంచి శనివారాలు వాళ్ళు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. అందరికీ అన్నీ గుర్తులేవు. ఎర్రమ్మకు వలిమి జాతి సంగతంతా వచ్చు, తూరుల రాజుల పేర్లు మాత్రం కలిపేసేది. అప్పలనాయుడు గారికి యుద్ధాలు బాగా తెలుసు, అందులోనూ ఎవరి పొలం తొక్కి ఎవరి సైన్యం పోయిందో మరీ బాగా తెలుసు. రెండో యుద్ధం ఎందుకు ఆగిందన్న దగ్గర ఇద్దరికీ పడలేదు. వాన పడి ఆగిందని ఆయన, లవర ఆడవాళ్ళు ఉప్పు ఇవ్వడం ఆపేస్తే ఆగిందని ఆమె. డ్యూటీలో ఉన్న నర్సమ్మ వచ్చి ఇద్దరినీ కసిరింది. నేను రెండూ రాసుకున్నాను.

కిటికీ పక్క మంచం పెద్దాయనకు తూరుల పాటలు చెప్పావట. ఆయన నీకంటే ముందే పోయాడు. ఆ పాటలు ఎవరికీ రావు. అక్కడ ఒక పేజీ వదిలేశాను.

చివరి భాగం ఎర్రమ్మ చెబుతుంటే వెంటనే రాయలేకపోయాను. లవరుల బావుల్లో తీపినీళ్ళు చేదెక్కాయి. మనుషుల కాళ్ళు వాచాయి, ముఖాలు ఉబ్బాయి, ఒక్కొక్కరూ పడిపోయారు. మిగిలినవాళ్ళు మంచినీళ్ళు వెతుక్కుంటూ పడమటికి నడిచారు. ఏళ్ళు నడిచారు. ఇరుసోన ఒడ్డుకు చేరేసరికి అవతలి గట్టున తూరులు ఆయుధాలతో నిలబడి ఉన్నారు. పాత పగవాళ్ళు. లవరులు ఒడ్డున కూర్చున్నారు...

అక్కడికి నీ నాలుగు గంటలూ అయిపోయాయట. తర్వాతిసారి నీ మంచం మీద ఇంకొకరున్నారట.

“నీళ్ళిచ్చినారని రాసేయ్ బాబూ” అన్నారు అప్పలనాయుడు గారు.

“అప్ప సెప్పనిది రాయొద్దు” అంది ఎర్రమ్మ. “తెలీకపోతే తెలీదని రాయి.”

ఎర్రమ్మ మాటే విన్నాను. నీ మాటలు ఒకసారి పారేసిన చెయ్యి ఇది. ఇప్పుడు లేని మాటలు ఎలా చేర్చను?

పోయిన నెల ఎర్రమ్మ పోయింది అప్పా. వలిమి వాళ్ళ మొదటి పడవ ఎవరు కట్టారో వచ్చే శనివారం చెబుతానంది. నేను వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇసకలో కూర్చుని ఆమె కూతురుతో కాసేపు మాట్లాడాను. అమ్మ ఆసుపత్రినుంచి వచ్చి మీ అప్ప కథలే చెప్పేది, మేము సరిగ్గా వినలేదు అని ఏడ్చింది. నేను కూడా వినలేదమ్మా అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

నిన్న శనివారం. రాసిందంతా తీసుకెళ్ళి గదిలో చదివాను. నీ మంచం మీది కొత్తావిడ ఇటు తిరిగి పడుకుంది. నర్సమ్మ గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఇరుసోన ఒడ్డు దాకా చదివి ఆపేశాను.  ఆ గదిలో దాహం లేనివాళ్ళు ఎవరున్నారు?

అప్పలనాయుడు గారి గొంతు వినిపించింది. ఈ మధ్య ఆయన బాగా నీరసించారు.

“రాసుకో బాబూ. అవతల గట్టుమీద కొండోళ్ళలో ఒక ముసిలోడు కత్తి కింద పెట్టినాడు. కుండ ముంచినాడు. నెత్తిమీద ఎత్తుకుని ఏట్లోకి దిగినాడు. పీకల్లోతు నీళ్ళు, అయినా వస్తన్నాడు. ఇది మీ అప్ప సెప్పనేదు. నేను సెప్తన్నాను. నా పేరు కింద రాసుకో.”

“ఇవతలికి చేరాడా?” అని కొత్తావిడ అడిగింది.

“సేరకపోతే ఎందుకు దిగుతాడమ్మా?” అని ఆయన కళ్ళు మూసుకున్నారు.

రాశాను అప్పా. కింద ఆయన పేరు రాశాను. నువ్వు కోప్పడవనే అనుకుంటున్నాను.

వచ్చే శనివారం కొత్తావిడ ఏదో అడగాలంటోంది. తెలిస్తే చెబుతాను, తెలీకపోతే తెలీదంటాను. ఎవరేం చెప్పినా వాళ్ళ పేరుతోనే రాస్తాను. ఇకమీదట ఈ పుస్తకంలో ఏముందని ఎవరైనా అడిగితే, కూర్చోబెట్టి మొదటినుంచీ చదివి వినిపిస్తాను.

మాట ఇస్తున్నాను.

నీ తమ్ముడు,
రాంబాబు