ఆర్నుల్ఫో మెడలో మైకు

ఇలోయిలో,
లాపాజ్ మార్కెట్.

నా చెల్లెలు ఇందాయ్ ఎస్టెలిటాకు,

నీ అక్క, నీ మానాంగ్ నీలా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా బాచోయ్ నూడుల్సు కొట్టూ, కొట్టు కింద పడుకునే ముసలి పిల్లీ క్షేమమే. వానలు తెరిపి ఇవ్వడం లేదు. కానీ వాన పడితే జనం వేడి నూడుల్సు కోసం వస్తారు కనుక నేను తిట్టుకోవడం లేదు. దావావ్‌లో నువ్వూ, మీ ఆయన హెర్మీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది.

‘మంచి ఫోను దొరికిందన్నావు కదా, ఇంకా ఈ కాగితాలెందుకు మానాంగ్’ అని అడిగావు. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. నేను గుసగుసలాడితే చేపల కొట్ల వరుస దాకా వినిపిస్తుందని నీకు తెలుసు.

ముందు హెర్మీకి కొనబోయే రేడియో సంగతి. పెట్టె అందం చూసి కొనకు. హెర్మీని వెంట తీసుకెళ్ళు, చెవి మిషను పెట్టుకునే రమ్మను. అంగడివాడు పాటలు పెడతాడు. వద్దని చెప్పి వార్తలు పెట్టించు. చప్పుడు పెద్దగా రావడం వేరు, మాట తెలియడం వేరు. మాట ముద్దముద్దగా వస్తే ఆ రేడియోను అక్కడే వదిలెయ్యి. బొంగురు తగ్గించి గొంతు తేటపరిచే మీట ఉండాలి. ఇయర్‌ఫోను గుచ్చుకునే రంధ్రం తప్పకుండా ఉండాలి. అందులో మెడకు వేసుకునే తీగ ఒకటి తగిలించి, చెవి మిషను మీటను ‘టి’ అనే గుర్తు మీద పెట్టుకుంటే రేడియో నేరుగా అతని చెవిలోనే మాట్లాడుతుంది. పక్కన నువ్వు హాయిగా నిద్రపోవచ్చు. అతని మిషనులో ఆ ‘టి’ ఉందో లేదో క్లినిక్కులో ముందే అడుగు. ఉంటే ట్యూబులైటు కింద మాత్రం కూర్చోబెట్టకు, చెవిలో రొద పెడుతుంది.

ఫోనుకైతే ఇంకా జాగ్రత్త పడాలి. అంగట్లోనే ఎవరిచేతనైనా ఫోను చేయించి, మిషను ఉన్న చెవికి ఆనించుకుని వినాలి. జుయ్యిమని మోత వస్తే అది ఎంత గొప్ప ఫోనైనా మనకు పనికిరాదు. ఇదంతా క్లినిక్కులో హనీలిన్ అనే పిల్ల నేర్పింది. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎంత ఆలస్యమో చెప్పాలంటే నీ రెండో ప్రశ్నకు జవాబివ్వాలి.

‘అన్నయ్య చివరిసారి నీతో ఏం మాట్లాడాడు? నాకెందుకు చెప్పవు?’ అని రాశావు. మేమిద్దరం మాట్లాడుకోవాలని ఆసుపత్రిలో ఫోను అతని నోటి దగ్గర దిండుకు ఆనించి బయటికి వెళ్ళానన్నావు. తలుపు అద్దంలోంచి చూస్తే చాలాసేపు మాట్లాడుతూనే ఉన్నాడన్నావు.

ఇందాయ్, నేను ఒక్క ముక్క కూడా వినలేదు.

తుపానుకు ఓడలు ఆపేశారు, నేను దావావ్ రాలేకపోయాను. ఉన్న దారి ఫోనొక్కటే. నా పాత ఫోను వినపడటం లేదని అంతకు ముందే ఆర్నుల్ఫో అంగడికి వెళ్ళాను. మార్కెట్ వెనకాల నీలం బోర్డు అంగడి, నీకు గుర్తుండే ఉంటుంది. చెవి మిషను చూపించి చెప్పాను: “బాబూ, మా అన్నకి బాగాలేదు. ఆయన గొంతు నాకు వినపడాలి. దీనికి సరిపోయేదివ్వు.”

“దీనికోసమే చేసిన ఫోను నానాయ్ ఇది! నీలాంటివాళ్ళు ఎంతమంది పట్టుకెళ్ళారో!” అన్నాడు, సొంత తల్లిని పిలిచినట్టు. పరీక్షించి చూస్తానంటే, చార్జింగ్ లేదు, ఇంటికెళ్ళి చూసుకోమన్నాడు. నమ్మాను.

ఆ రోజు ఫోను మోగింది. చెవికి పెట్టుకున్నాను. చెవిలో రంపపు మిల్లు. ఆ మోత వెనక ఎక్కడో మన అన్న, మన మానోంగ్ ఉన్నాడు. మిషను తీసేసి పెట్టుకుంటే అసలేమీ లేదు. మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ మోత. “ఏంటి మానోంగ్? ఏంటి?” అని అరుస్తూ ఉన్నాను. చివరికి ఏం చెయ్యను? “సరే మానోంగ్, అలాగే” అన్నాను. దేనికి సరే అన్నానో నాకు తెలియదు. సాయంత్రానికి, మానోంగ్ ఇక లేడని నువ్వు పంపిన కబురు వచ్చింది.

ఆ ఫోను తిరిగిచ్చెయ్యడానికి వెళ్ళాను. అంగడి నిండా జనం. ఆర్నుల్ఫో ఫోను చెవికి పెట్టుకుని, “నాకు శుభ్రంగా వినపడుతోందే! లోపం ఫోనులో లేదు నానాయ్, చెవిలో ఉంది. చెవులమ్మే అంగడి చూసుకో!” అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు వినడానికి మిషను అక్కర్లేదు, పళ్ళు కనపడతాయి కదా.

ఆ రోజు నుంచి చారు కలుపుతున్నా, కారం నూరుతున్నా అతని ముఖమే కళ్ళ ముందు. ‘నీ ఉత్తరాల్లో నిప్పులు రాలుతున్నాయి, ఎవరి మీద?’ అని అడిగావు చూడు, అతని మీదే.

మా చర్చి పారిష్ హాల్లో చెవి మిషన్లవాళ్ళం శనివారాలు కలుస్తామని చెప్పాను కదా. ఆ హాలు నేల అంచున చుట్టూరా ఒక తీగ పరిచారు. ఎవరైనా మెడలో చిన్న మైకు వేసుకుని మాట్లాడితే, ‘టి’ మీద పెట్టుకున్న వాళ్ళందరి చెవుల్లోకీ ఆ మాట నేరుగా వస్తుంది. గదిలో పింగాణీ కప్పుల చప్పుడూ, ఫ్యాను చప్పుడూ అన్నీ పోయి ఆ గొంతొక్కటే మిగులుతుంది. మిషను లేనివాళ్ళకు మాత్రం అందులోంచి ఏమీ వినపడదు.

క్రిస్మసుకు సంఘమంతా ఒకే అంగట్లో ఫోన్లూ రేడియోలూ కొనుక్కుందామనీ, అందుకు ఒక అంగడిని ఎంచుదామనీ అనుకున్నారు. నేను లేచి ఆర్నుల్ఫో పేరు చెప్పాను. జీప్నీ బండి నడిపి చెవులు పోగొట్టుకున్న గౌదెన్సియో నా వంక వింతగా చూశాడు. “నీకు మతి పోయిందా నీలా? వాడు నన్నూ ముంచాడు.”

“రానీ. అందరం కలిసి విందాం,” అన్నాను.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన, అరచేతుల్లో పట్టనంత నవ్వు. మైకు నేనే అతని మెడలో వేశాను. “ఇదేంటి నానాయ్, పూలదండా?” అని ఎగతాళి చేశాడు. “అలాగే అనుకో బాబూ, మాకు వినపడేందుకు,” అన్నాను. ముసలివాళ్ళందరికీ వంగి నమస్కారం చేశాడు. తన తల్లికి కూడా చెవుడేనట, మా బాధ చూస్తే నిద్ర పట్టదట. సగంమంది కరిగిపోయారు. రేడియోలు కూడా చూస్తామని నేనడిగితే, “బండిలో ఉన్నాయి, ఇప్పుడే తెస్తా,” అంటూ బయటికి నడిచాడు. బండి దగ్గర అతని బావమరిది ఉన్నాడు.

మేమందరం ‘టి’ మీదే ఉన్నాం.

“ఎలా ఉందిరా లోపల?” అని బావమరిది అడిగినట్టున్నాడు, అది మాకు సన్నగానే వచ్చింది. ఆర్నుల్ఫో గొంతు మాత్రం నా చెవిలో కూర్చుని చెప్పినట్టుంది.

“చెవిటి దున్నలు! ఏం చెప్పినా తలకాయలూపుతున్నాయి. ఆ మోతొస్తోందని తిరిగొచ్చిన సరుకు లేదూ, దానికి కొత్త సీళ్ళు అంటించు. మొత్తం వీళ్ళకే తోసేద్దాం.”

“మళ్ళీ గొడవకొస్తే?”

“వస్తే ఏంటి? చెవిలోనే లోపం అంటే సరి. ఆ బాచోయ్ ముసల్ది లేదూ, అన్న చస్తున్నాడని ఏడ్చుకుంటూ వచ్చింది. అది మోత పెడుతుందని నాకు తెలీదా? ఎవరూ కొననిది దాని చేతిలో పెట్టా. ఇవ్వాళ అదే నన్ను పిలిచి దండేసింది!”

ఇద్దరూ నవ్వారు.

హాల్లో టీ పోస్తున్న ఆడవాళ్ళకు ఏమీ వినపడలేదు. ఫాదర్ గుమ్మం దగ్గర బిస్కెట్టు తింటున్నాడు. మా వాళ్ళు మాత్రం ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. “అందరికీ ఏమైంది?” అని ఫాదర్ అడుగుతున్నాడని అతని పెదాలు చూసి తెలుసుకున్నాను.

రేడియోల పెట్టె మోసుకుని ఆర్నుల్ఫో నవ్వుతూ లోపలికి వచ్చాడు. గౌదెన్సియో లేచి నిలబడ్డాడు.

“ఆ సీళ్ళ సంగతి ఇంకోసారి చెప్పు నాయనా. మా దున్నలకి బాగా నచ్చింది.”

ఆర్నుల్ఫో ముఖం చూడాల్సింది ఇందాయ్! “ఎవరు... ఎవరు చెప్పారు మీకు?”

“నువ్వే. మెడలో చూసుకో,” అన్నాను.

చొక్కాకు తగిలి ఉన్న మైకును తిప్పి చూశాడు. ఎర్ర దీపం వెలుగుతోంది. పెట్టె చేతిలోంచి జారింది. అతని దగ్గర కొన్నవాళ్ళంతా ఒక్కొక్కరే లేచి తమ ఫోన్లు అతని ముందు బల్ల మీద పెట్టి వచ్చి కూర్చున్నారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించి ఉంటుంది.

మర్నాటికల్లా సంగతి మార్కెట్టంతా పాకింది. చెవులు బాగున్నవాళ్ళు కూడా ఆ అంగడి గుమ్మం తొక్కడం మానేశారు. కొన్నాళ్ళకు నీలం బోర్డు దించేశారు. మైకు ఆపడం మరిచిపోయారు, అది దేవుడు చేసిన పని అని ఫాదర్ ప్రసంగంలో చెప్పాడు. అందరూ అదే అనుకుంటున్నారు.

దేవుడు కాదు, నేను.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. మైకు వేసేటప్పుడు దీపం కనపడకుండా చొక్కా వైపు తిప్పి వేశాను. రేడియోలు బండిలోనే ఉన్నాయని చూసే అడిగాను. బయటికి వెళితే అతని నోరు ఊరుకోదని నాకు తెలుసు. ఇది ఫాదర్‌కు చెబితే పశ్చాత్తాపపడమంటాడు. ఎక్కడి నుంచి తేను? వెతికి చూశాను, లేదు. బోర్డు దించిన రోజు నేను ఎదురుగా నిలబడి చూశాను. ఆ పూట చారు ఎంతో బాగా కుదిరింది.

పోయిన వారం మధ్యాహ్నం వానలో అతను నా కొట్టుకు వచ్చాడు. ఇస్త్రీ లేదు, సెంటు లేదు. బల్ల ముందు నిలబడి, “నానాయ్, నన్ను క్షమించు,” అన్నాడు. నేను రెండు చెవుల మిషన్లూ తీసి ఏప్రను అంచుతో తుడిచి బల్ల మీద పెట్టాను. అతని ముఖం వంకే చూస్తూ నవ్వాను.

“ఏంటి బాబూ? గట్టిగా చెప్పు.”

అరిచాడు. ఇంకా గట్టిగా అన్నాను. మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. తినేవాళ్ళు చెంచాలు ఆపారు, చేపల వరుసవాళ్ళు కత్తులు పట్టుకుని వచ్చి చూశారు. అరిచినప్పుడల్లా నేను చెయ్యి చెవి వెనక పెట్టి తల అడ్డంగా ఊపాను. అలసిపోయేదాకా అరిపించాను. చివరికి అతను బెంచీ మీద కూలబడి, ముఖం దించుకుని, నెమ్మదిగా ఏదో చెప్పుకుంటూ పోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చాలాసేపు చెప్పాడు. మిషన్లు నా చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. పెట్టుకోలేదు. అతను వెళ్ళిపోయాక, ఏం చెప్పాడో చెబుతానని పక్క కొట్టు ఆవిడ వస్తే, వద్దని చెయ్యి ఊపాను. చెప్పుకున్న మాట అవతల చేరకపోతే ఎలా ఉంటుందో అతనూ మోసుకు తిరగనీ.

అయినా ఇందాయ్, అతని అంగడి మూయించినందువల్ల మానోంగ్ మాట ఒక్కటి కూడా నాకు తిరిగి రాలేదు. ఆ సంగతి కూడా రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది.

అందుకే ఆదివారం ప్రార్థన అయ్యాక నువ్వు ఫోను చెయ్యి. ఈ ఫోనులో మోత లేదు, హనీలిన్ పక్కన ఉండి పరీక్షించి కొనిపించింది. నువ్వు తలుపు అద్దంలోంచి చూశావు కదా. మాట్లాడుతున్నప్పుడు మానోంగ్ ముఖం ఎలా ఉంది? నవ్వాడా, కోప్పడ్డాడా? నేను ‘సరే’ అన్నప్పుడు కళ్ళు మూసుకున్నాడా? ఏదీ దాచకుండా చెప్పు. ఎంతసేపైనా చెప్పు. నేను వింటాను.

హెర్మీకి నా ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్న
నీ మానాంగ్,
నీలా