షెడ్డులో సుత్తి చప్పుడు

వినుకొండ

బ్రహ్మానికి వదిన దీవెనలు.

ఫోనులో చెబితే మీ అన్న వింటాడని ఉత్తరం రాస్తున్నాను. షెడ్డులో కట్టుకున్న చెక్క విమానం మిరప చేలో కూలి, ఆయన నడుము విరిగిందని నీకు తెలుసు. ఇక లేవడని డాక్టరు చెప్పాడు. విమానంలోనూ బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. అది చెప్పలేక, మేస్త్రీని పెట్టి రెక్క చేయిస్తున్నానని అబద్ధమాడాను. రోజూ షెడ్డులోకి వెళ్లి, ఉత్త చెక్క మీద నేనే సుత్తితో కొడుతున్నాను. ఆ చప్పుడు వింటేనే నాలుగు ముద్దలు తింటున్నాడు.

నిన్న అన్నం పెడుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మేస్త్రీ దెబ్బ ఇట్టా ఉండదే. కొట్టేది నువ్వే గదా," అన్నాడు.

నేను చెయ్యి విడిపించుకుని ఇంకో ముద్ద కలిపాను.

"అయినా ఆపమాకే," అన్నాడు.

బ్రహ్మం, నా అరచేతులు పుండ్లయ్యాయి. నువ్వొచ్చి కొన్నాళ్లు కొట్టు.

మీ వదిన